విదేశాల్లో కళావిద్య: స్వేచ్ఛ, షరతులు

విదేశాలకు వెళ్ళి చదువుకోవడం మన సాహిత్యానికి కొత్త వస్తువేమీ కాదు. 1924లో మొదటి భాగం వెలువడిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’ దగ్గర్నుంచి ఇవాళ్టి అమెరికా తెలుగు కథల దాకా ఆ ప్రయాణాన్ని మనం చదువుతూనే ఉన్నాం. ఐతే పార్వతీశం వెళ్ళింది న్యాయశాస్త్రం కోసం. తర్వాతి తరాలు ఎక్కువగా వెళ్ళింది వైద్యానికి, ఇంజనీరింగుకు, కంప్యూటర్లకు. బొమ్మలు వేయడం, శిల్పం, సినిమా, కథారచన నేర్చుకోవడానికి సముద్రం దాటిన విద్యార్థి మన సాహిత్యంలో అరుదుగా కనిపిస్తాడు.

అటువంటి విద్యార్థి గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనలో రెండు వాదాలు వినిపిస్తాయి. కళకు స్వేచ్ఛ కావాలి, అది అక్కడ దొరుకుతుంది అనేది ఒకటి. అక్కడికి వెళ్ళినవాడు తన ప్రజలకు దూరమై రూపవాదిగా మారిపోతాడు అనేది రెండోది. పైకి విరుద్ధంగా కనిపించినా రెండు వాదాలూ ఒకే లోపంతో ఉన్నాయి. రెండూ విద్యార్థి మనస్తత్వం నుంచే మొదలవుతాయి. విద్యార్థి ఏ షరతుల మీద ఆ దేశంలో అడుగుపెడుతున్నాడు, ఎవరి డబ్బుతో, ఎంతకాలానికి, ఏ పని చేసుకునే హక్కుతో అన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు. అతను నేర్చుకునే కళను చాలావరకు నిర్ణయించేవి ఈ షరతులేనని నా అభిప్రాయం.

ముందుగా మన ఉద్యమ చరిత్రనే తీసుకుందాం. అభ్యుదయ రచయితల సంఘం ప్రణాళిక తొలి ముసాయిదా తయారైంది లక్నోలో కాదు, లండన్‌లో. 1934-35 ప్రాంతంలో అక్కడ చదువుకుంటున్నవాళ్ళూ, చదువు ముగించుకుని అక్కడే ఉంటున్నవాళ్ళూ అయిన సజ్జాద్ జహీర్, ముల్క్‌రాజ్ ఆనంద్ తదితరులు నాన్‌కింగ్ అనే చైనా హోటల్లో సమావేశమై దాన్ని చర్చించారు. 1936 ఏప్రిల్‌లో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన లక్నోలో అఖిల భారత మహాసభ జరిగింది. 1943లో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన తెనాలిలో తెలుగు రచయితల మహాసభ జరిగింది. విదేశాలకు పోయినవాడు ప్రజలకు దూరమవుతాడన్న వాదానికి మన సంఘం పుట్టుకే సమాధానం.

ఐతే ఇందులో వర్గ సత్యం కూడా ఉంది. జహీర్ తండ్రి ఔధ్ చీఫ్ కోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవాడు. ఫాసిజం పెరుగుతున్న ఐరోపాను చూస్తూ, తోటి విద్యార్థులతో గంటల తరబడి వాదించుకునే తీరిక ఆ యువకులకు ఉంది. తీరిక, తోటివారు అనే ఈ రెండింటినీ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. వ్యాసమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఇక సాహిత్యం నుంచి చిత్రకళకు వస్తే మన తెలుగువాడి ఉదాహరణే ఉంది. ఎన్. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. మద్రాసు కళాక్షేత్రలో కొంతకాలం పాఠం చెప్పి, 1949లో లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్ళారు. అక్కడ హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తర్వాత ప్యారిస్ చేరి జాడ్కిన్ అనే శిల్పి దగ్గర పనిచేసి, స్టాన్లీ విలియం హేటర్ నడిపే ‘అతెలియే 17’ అనే అచ్చు చిత్రాల కార్ఖానాలో కుదురుకున్నారు. అక్కడే ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది.

ఆ పేరు తెచ్చిన పద్ధతి ఏమిటో రచయితలు కూడా తెలుసుకోవడం మంచిది. మామూలుగా రంగుల అచ్చుకు ఒక్కో రంగుకు ఒక్కో పలక కావాలి. వీళ్ళు ఒకే లోహపు పలక మీద వేర్వేరు లోతులు చెక్కుతారు. రంగుల్లో కలిపే నూనె పాలు మార్చి ఒకదాన్ని పలుచగా, మరొకదాన్ని చిక్కగా చేస్తారు. గట్టి రోలరు పైమట్టానికే తగులుతుంది, మెత్తని రోలరు లోతుల్లోకి దిగుతుంది. నూనె ఎక్కువైన పలుచని రంగు ముందుగా పడ్డచోట చిక్కని రంగు అంటుకోదు. అందువల్ల ఒకే పలక మీద అనేక రంగులు దేని చోట అది నిలిచి, ఒక్క అచ్చులోనే కాగితం మీదికి వస్తాయి. దీన్ని విస్కాసిటీ పద్ధతి అంటారు.

ఇది ఒక మేధావికి ఏకాంతంలో తట్టిన ఆలోచన కాదు. హేటర్, బొంబాయి నుంచి వెళ్ళిన కైకో మోతీ, కృష్ణారెడ్డి ఒకే చోట, ఒకరి పలకను ఒకరు చూస్తూ, చెడగొట్టుకుంటూ, సరిచేసుకుంటూ సాధించినది. అనేక దేశాల వాళ్ళు పక్కపక్కన నిలబడి పనిచేసే కార్ఖానా అది. ప్యారిస్ వీధులు విద్యార్థులతో, కార్మికులతో నిండిన 1968లోనే ఆయన ‘డెమాన్‌స్ట్రేటర్స్’ అనే అచ్చు చిత్రం చేశారు. శుద్ధ రూపవాది అనిపించే పనివాడి పలక మీదికి కూడా ప్రజలు అలా నడిచి వచ్చారు. ఆ తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి పాఠాలు చెబుతూ 2018లో అక్కడే కన్నుమూశారు.

ఇదంతా ప్రతిభ వల్ల మాత్రమే సాధ్యమైందా? ఆనాటి షరతులు చూడండి. 1962 దాకా కామన్వెల్త్ పౌరులకు బ్రిటన్‌లో అడుగుపెట్టడానికీ, పని చేసుకోవడానికీ ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఆ ఏడాది చేసిన చట్టం ఆ తలుపును సగం మూసింది. 1967లో విదేశీ విద్యార్థులకు వేరుగా, ఎక్కువ ఫీజు పెట్టారు. 1980 నుంచి చదువుకయ్యే పూర్తి ఖర్చు వాళ్ళ దగ్గరే రాబట్టడం మొదలైంది. అంటే 1949లో వెళ్ళిన విద్యార్థికీ ఇవాళ వెళ్ళే విద్యార్థికీ మధ్య తేడా అభిరుచిలో కాదు, చట్టంలో ఉంది. మొదటివాడు సాటి పౌరుడిగా వెళ్ళాడు. రెండోవాడు కొనుగోలుదారుగా వెళుతున్నాడు.

నేనుంటున్న మియాపూర్‌లో ఈ రెండో విద్యార్థిని రోజూ చూడవచ్చు. ఒకప్పటి పల్లె ఇప్పుడు హైటెక్ సిటీకి, గచ్చిబౌలికి ఉద్యోగులను పంపే నివాస ప్రాంతం. 2017 నవంబరు నుంచి మెట్రో రైలు ఇక్కడే బయలుదేరుతోంది. ఇక్కడి పిల్లల్లో కొందరు ఇప్పుడు యానిమేషన్, సినిమా, డిజైన్, రచన చదవడానికి వెళతామంటున్నారు. మాస్టారూ, ఆ చదువుకు అప్పు తీరుతుందా అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. పిల్లవాడు బొమ్మలు బాగా వేస్తాడా అని అడిగినవాళ్ళు తక్కువ. దానికి వాళ్ళను తప్పుపట్టలేం. బ్యాంకుల ఆదర్శ విద్యారుణ పథకం కింద ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా స్థిరాస్తి హామీ చూపాలి. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంతో కొనుక్కున్న ఫ్లాటే ఆ హామీ అవుతుంది. పిల్లవాడి ఊహాశక్తి మీద ఆ కుటుంబం ఇల్లు తాకట్టు పడుతోంది.

తాకట్టు పడ్డ ఊహ ఏ దారి పడుతుందో అమెరికా నిబంధనల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ వ్యాసం రాసేనాటికి అక్కడ పట్టా పొందిన విదేశీ విద్యార్థికి ఏడాది పాటు ఉద్యోగ శిక్షణకు అవకాశం ఉంది. సాంకేతిక శాస్త్రాల జాబితాలో చేరిన చదువైతే మరో రెండేళ్ళు కలుస్తాయి. కంప్యూటర్ యానిమేషన్‌కు ఆ జాబితాలో చోటుంది. తైలవర్ణ చిత్రానికీ, శిల్పానికీ, కవిత్వానికీ లేదు. శిల్పం నేర్చుకోవాలని బయలుదేరిన పిల్ల యానిమేషన్‌లో చేరితే దాన్ని అభిరుచిలో వచ్చిన మార్పుగా మనం రాస్తాం. నిజానికి అది గడువు లెక్క.

బ్రిటన్‌లో మరో విచిత్రం ఉంది. డిగ్రీ స్థాయి విద్యార్థి చదువు రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయవచ్చు. కాని స్వయం ఉపాధి నిషేధం, వృత్తి కళాకారుడిగా ప్రదర్శనలివ్వడం నిషేధం. హోటల్లో గిన్నెలు కడగడానికి చట్టం ఒప్పుకుంటుంది, తాను వేసిన బొమ్మలు అమ్ముకుని బతకడానికి ఒప్పుకోదు. కళ నేర్చుకోవడానికి వచ్చినవాడి శ్రమలో కళ తప్ప మిగిలినదంతా కొనబడుతుందన్నమాట. పరాయీకరణకు ఇంతకంటే సూటి ఉదాహరణ పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. మా వీధిలోంచి వెళ్ళిన ఒక కుర్రవాడు రాత్రి దుకాణంలో సరుకులు సర్ది, పగలు స్టూడియోలో నిద్ర ఆపుకుంటున్నానని రాశాడు. అతనికి లేనిది స్వేచ్ఛ కాదు, తీరిక.

తోటివారి సంగతి చూద్దాం. అక్కడి కళాశాలల్లో విమర్శ తరగతి ముఖ్యమైనది. విద్యార్థి తన బొమ్మను గోడకు తగిలిస్తాడు, తక్కినవాళ్ళు ప్రశ్నిస్తారు. 1936లో అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రచనా శిక్షణలో కూడా ఒకరి రచనను అందరూ చదివి వచ్చి చర్చిస్తారు. ఆ చర్చ సాగినంతసేపూ రచయిత మౌనంగా ఉండాలనేది అక్కడ చాలాకాలంగా పాటిస్తున్న ఆనవాయితీ. పొగడ్తల సభలకు అలవాటుపడ్డ మనకు ఇందులో నేర్చుకోవలసింది ఉంది. కాని వినేవాళ్ళకు తెలియని జీవితం గురించి రాసినవాడు మౌనంగా ఉండవలసి వస్తే ఏమవుతుంది? మాలపల్లె, వెలివాడ, బతుకమ్మ, గల్ఫుకు పోయిన తండ్రి — అన్నిటికీ కథలోనే వివరణ ఇచ్చుకోవాలి. క్రమంగా ఆ రచయిత తనవాళ్ళ కోసం కాక, తెలియనివాళ్ళకు తనవాళ్ళను చూపించడం కోసం రాయడం అలవాటు చేసుకుంటాడు. పైగా అదంతా ఇంగ్లీషులో. ఈ పద్ధతి ఎవరిని సహజ పాఠకుడిగా ఊహిస్తోందన్న ప్రశ్నను కొరియాలో పుట్టిన అమెరికా రచయిత మాథ్యూ సలెసెస్ 2021లో ఒక పుస్తకంగానే వేశాడు. మనం వేయవలసిన ప్రశ్న కూడా అదే.

తాకట్టు పెట్టడానికి ఫ్లాటు కూడా లేనివాళ్ళ మాటేమిటి? షెడ్యూల్డు కులాల, సంచార జాతుల, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం విదేశీ విద్యా వేతనం ఇస్తోంది. 2022లో సవరించిన మార్గదర్శకాలు భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, మన దేశం మీద సామాజిక అధ్యయనం అనే విషయాలను దాని నుంచి మినహాయించాయి. చేతివృత్తి కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఆ డబ్బుతో విదేశంలో తన తాతల కళ మీద పరిశోధన చేయడానికి వీల్లేదు. తమ సంస్కృతిని గురించి ప్రపంచం ముందు మాట్లాడే హక్కు ఎవరికి ఉండాలో ఇక్కడ పాలకులు నిర్ణయించారు.

కాబట్టి వెళ్ళాలా, వద్దా అన్నది సరైన ప్రశ్న కాదు. వెళ్ళినవాళ్ళకు తీరికా, తోటివారూ ఎలా దొరుకుతారన్నదే ప్రశ్న. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988 నుంచి కళల విభాగం ఉంది, మాసబ్ ట్యాంకులో లలిత కళల విశ్వవిద్యాలయం ఉంది. వాటి సీట్లు పెంచమని, ఫీజు లేకుండా సాయంత్రం వేళ అచ్చు యంత్రాలను, స్టూడియోలను బయటివారికి తెరవమని అడగడం రచయితల సంఘాలకు కూడా సంబంధించిన పనే. వెళ్ళిన పిల్లలు తెలుగులో రాసి పంపితే వివరణలు అడగకుండా చదివే పాఠకులు ఇక్కడున్నారని వాళ్ళకు తెలియాలి.

ఇక మన రచయితలకు ఒక మాట. విదేశీ విద్యార్థి గురించి రాసేటప్పుడు మంచునూ, ఒంటరితనాన్నీ, అమ్మ చేతి వంటనూ మాత్రమే రాసి ఊరుకోవద్దు. వారానికి 20 గంటల పనిని, వీసా గడువును, బ్యాంకు వాయిదాను కూడా పాత్రలుగా తీసుకోండి. ఆ కథలో ప్రతినాయకుడు చలి కాదు.