దివిసీమ మడ అడవులు – స్థానిక జీవజాలం, పరిరక్షణ

పులిగడ్డ వద్ద రెండుగా చీలిన కృష్ణానది పాయలకు, బంగాళాఖాతానికి నడుమ ఏర్పడిన ద్వీపమే దివిసీమ. లోపలి భాగంలో వరి విస్తారంగా సాగవుతుండగా, నాగాయలంక, కోడూరు మండలాల సముద్రతీరంలో ఉప్పునీరు, మంచినీరు కలిసే బురద నేలల్లో మడ అడవులు పెరుగుతాయి. కృష్ణా ముఖద్వారంలోని ఈ అడవులను 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు.

వృక్షజాలం

తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న, గుగ్గిలం ఇక్కడి ముఖ్యమైన జాతులు. ఉప్పును తట్టుకొనే విధానం అన్నింటిలో ఒకే విధంగా ఉండదు. ఉప్పుపొన్న లవణాన్ని చాలావరకు వేళ్ళ వద్దనే అడ్డుకొంటుంది. తెల్లమడ, నల్లమడ పీల్చుకొన్న ఉప్పును ఆకులలోని గ్రంథుల ద్వారా విసర్జిస్తాయి. గాలి చొరబడని బురదలో వేళ్ళకు ప్రాణవాయువు అందించడానికి మడ చెట్ల చుట్టూ శ్వాసవేళ్ళు నేలపైకి పొడుచుకొని వస్తాయి. ఉప్పుపొన్న విత్తనం చెట్టుపై ఉండగానే మొలకెత్తి, రాలిన పిదప బురదలో నాటుకొంటుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు తెల్లమడ జన్యువును వరిలో ప్రవేశపెట్టి, లవణాన్ని తట్టుకొనే గుణంపై ప్రయోగాలు జరిపారు.

జంతుజాలం

నీటిలో రాలిన మడ ఆకులు కుళ్ళి సూక్ష్మజీవులకు, వాటి ద్వారా రొయ్యపిల్లలకు, పీతలకు ఆహారమవుతాయి. టైగర్ రొయ్య, మండపీత, పండుగప్ప వంటివి తొలిదశలో ఈ పాయలలో పెరుగుతాయి. కాబట్టి మచిలీపట్నం తీరపు మత్స్యకారుల వేటకు కూడా ఈ అడవులు ఆధారమే. నీటిలో దిగి చేపలను వేటాడే బావురుపిల్లికి ఇది ముఖ్య ఆవాసం. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు సమీపపు ఇసుక తీరాలలో గుడ్లు పెడతాయి.

క్షీణతకు కారణాలు

రొయ్యల చెరువుల కోసం అడవిని నరకడం కంటికి కనిపించే నష్టం. చెరువు కట్టలు పాయలను మూసివేయడం వల్ల కలిగే నష్టం అంత త్వరగా తెలియదు. ఆటుపోట్లు అందని పల్లంలో నిలిచిన నీరు ఆవిరై, నేలలో ఉప్పు పేరుకొంటుంది. సముద్రపు ఉప్పును తట్టుకొనే మడ చెట్టు సైతం ఆ తీవ్రతకు ఎండిపోతుంది. నదిలో మంచినీటి రాక తగ్గడం ఈ సమస్యను మరింత పెంచుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెనకు వేలమందిని కోల్పోయిన ఈ సీమలో, అలల ఉధృతిని తగ్గించే చెట్ల వరుస పలుచబడటం ప్రమాదకరం.

పునరుద్ధరణ

ఎండిన పల్లాలలో మొక్కలు నాటినంత మాత్రాన ఫలితం ఉండదు. ముందుగా నీటి రాకపోకలను పునరుద్ధరించాలి. ఇందుకు ఒక ప్రధాన కాలువ, దానికి ఇరువైపులా చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వుతారు. పోటు నీరు వచ్చిపోతుంటే పేరుకొన్న ఉప్పు కొట్టుకొనిపోయి, నాటిన మొక్కలు నిలదొక్కుకొంటాయి. విత్తనాలు సహజంగా కూడా చేరతాయి. కాలువలలో పూడిక చేరకుండా చూడటం అవసరం.

చెరువుల యజమానులు పాయలకు అడ్డుకట్టలు వేయరాదు. వ్యర్థజలాలను శుద్ధి చేయకుండా వదలరాదు. బావురుపిల్లులు చెరువుల వైపు రాకుండా వలకంచె వేసుకోవాలే గాని, ఉచ్చులు, విషం వాడరాదు. నీటి దారి తెరిచి ఉన్నంతకాలమే మడ అడవి, దానిపై ఆధారపడిన జీవజాలం నిలుస్తాయి.