జడ ఎత్తిపట్టే చెయ్యి

గట్టిమేళం మోగుతుంది. పెళ్లికొడుకు తాళి పట్టుకుని లేస్తాడు. అక్షింతలు వేసే హడావుడిలో జనం మీదమీదకి వచ్చేస్తారు. ఆ సందడిలో వెనకనుంచి ఒక చెయ్యి పూలజడని మెల్లగా పైకెత్తి పట్టుకుంటుంది. లేకపోతే పసుపుతాడు జడకుప్పెల్లో చిక్కుకుంటుంది, మూడు ముళ్లూ సరిగ్గా పడవు. కొన్ని ఇళ్లలో ఆ పని ఆడపడుచుది. చాలాచోట్ల మాత్రం తోడిపెళ్లికూతురిదే.

ఈ తోడు సముద్రం దాటి కూడా వెళ్లింది. మలేషియాలో పెరాక్ నది ఒడ్డున తెలుక్ ఇంటాన్ అనే ఊరుంది. అక్కడా, బాగన్ డాటుక్ వైపు కొబ్బరితోటల్లోనూ ఉత్తరాంధ్ర నుంచి కొన్ని తరాల కిందట వలస వెళ్లిన తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఉత్తరాంధ్ర పల్లెల్లో చాలాచోట్ల పెళ్లి మగపెళ్లివారింట్లోనే చేయడం ఆనవాయితీ. అంటే మెడలో తాళి పడకముందే పిల్ల పుట్టింటి గడప దాటాలి. కొత్త ఊళ్లో దాహమేసిందని చెప్పుకోవడానికైనా ఓ మనిషి పక్కన ఉండాలి కదా! నలుగు పెట్టిన నాటి నుంచి వెన్నంటి ఉండే పిల్లకి కొత్తబట్టలు పెట్టి, అత్తవారింటికీ వెంట పంపడం అందుకే. పిన్నమ్మలూ మేనత్తలూ సముద్రం అవతలే ఉండిపోయిన తోటకూలీల ఇళ్లలో పక్కింటి పిల్లే ఆ తోడు కావాల్సి వచ్చి ఉంటుంది.

అక్కడి ఇరుగుపొరుగు పెళ్లిళ్లలోనూ ఈ తోడు ఉంది. మలయ్ వధువు పక్కన పెంగాపిట్ విసనకర్ర పట్టుకుని నిలబడుతుంది, చెమట తుడుస్తుంది, ముసుగు సర్దుతుంది. చైనీయుల ఇళ్లలో వధువు స్నేహితురాళ్లు, అంటే జిమూయ్‌లు, గుమ్మానికి అడ్డం నిలబడి వరుడి చేత పులుపూ చేదూ కారమూ తినిపించి, ఎర్రకవరులో డబ్బు పుచ్చుకుంటే గానీ లోపలికి రానివ్వరు. మన దగ్గర గుమ్మానికి అడ్డం పడేది ఆడపడుచులు, పేర్లు చెప్పమని. సిగ్గుతో గొంతు పెగలని కొత్తకోడలికి, ‘చెప్పెయ్యవే, ఏం కాదు’ అని చెవిలో ఊదేది తోడిపెళ్లికూతురు.

ఇంగ్లండులోనూ ఈ తోడు ఉంది. 1840లో విక్టోరియా రాణి పెళ్లిలో ఆమె గౌను వెనక జీరాడే అంచు మోస్తూ 12 మంది అమ్మాయిలు తెల్లగౌన్లతో నడిచారు. ఒకే రంగు బట్టల్లో వరసగా నిలబడి ఫొటో దిగే నేటి ముచ్చట ఆ దారిలోదే. ముచ్చట తీర్చుకోవడంలో తప్పులేదు. కానీ ఆరుగురు ఫొటోకి నిలబడి, చీరకుచ్చిళ్లు జారినప్పుడు పిన్నీసు అందించడానికి ఒక్కరూ లేకపోతే ఆ పెళ్లికూతురు ఒంటరిదే. మండపంలో తల్లిదండ్రులకి కన్యాదానం పని, పంతులుగారికి ముహూర్తం పని, వీడియో ఆయనకి వెలుతురు పని. ‘నువ్వు పొద్దున్నుంచీ ఏం తినలేదు’ అని గుర్తుంచుకోవడమే పనిగా ఉన్నది తోడిపెళ్లికూతురు ఒక్కతే.

అలాంటి మనిషిని ఎంచుకునేటప్పుడు మన పెద్దలు పెట్టే ఆంక్ష నాకు బాధ కలిగిస్తుంది. పెళ్లికాని పిల్లో ముత్తైదువో అయితేనే పక్కన కూర్చోనిస్తారు. భర్త పోయిన అక్క, విడాకులు తీసుకున్న చిన్ననాటి స్నేహితురాలు వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. పెళ్లికూతురి మనసు ఎరిగినది ఆమే కావచ్చు, అయినా సరే. ఇది అన్యాయం, మార్చుకోవాల్సిందే. మలేషియాలో ముస్లిమేతరుల పెళ్లిళ్లకి వర్తించే 1976 నాటి వివాహ చట్టం ప్రకారం రిజిస్ట్రారు ఎదుట కనీసం ఇద్దరు నమ్మదగిన సాక్షులుండాలి. ఆ సాక్షి నుదుట బొట్టుందా, మెడలో తాళి ఉందా అని చట్టం అడగదు. అక్కడ సంతకానికి పనికొచ్చిన అక్కని మండపంలోనూ పక్కన కూర్చోబెట్టుకుంటానని పెళ్లికూతురే ముందుగా అమ్మతో చెప్పాలి, శుభలేఖలు పంచకముందే.