ఆరు గుండ్ల మీద భారం

600 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చే స్పోర్ట్స్ కారు ఒకటి తీసుకుందాం. మొదటి గేరు దాన్ని 3.5 రెట్లు చేస్తుందనుకుందాం, క్రౌన్ పినియన్ మరో 3.5 రెట్లు. మొత్తం 7,350. రెండు వెనక చక్రాలకూ సమంగా పంచితే ఒక్కో యాక్సిల్‌కు 3,675. యాక్సిల్ చివర ఉండే సీవీ (స్థిరవేగ) జాయింట్‌లో, పిడికిలి పట్టేంత గిన్నెలో, ఆరు ఉక్కు గుండ్లుంటాయి. కేంద్రం నుంచి గుండు దాకా 35 మిల్లీమీటర్లు ఉంటే, ఒక్కో గుండు మీద సుమారు 1,780 కిలోల బరువంత తోపుడు పడుతుంది. టైరు జారి మళ్లీ ఠక్కున పట్టు దొరికిన క్షణంలో ఇంకా ఎక్కువ. అంత భారం మోసే జాయింట్ ఎప్పుడో ఒకప్పుడు విరగడంలో వింతేమీ లేదు. ఏళ్ల తరబడి విరక్కుండా తిరగడమే నాకు అబ్బురం.

చక్రం గతుకుల్లో ఎగిరిపడుతుంది, గేరుబాక్సు కదలదు. మధ్యలో షాఫ్టు వంగుతూనే తిరగాలి. లారీ కింద కనిపించే క్రాస్ జాయింట్ ఆ పని చేస్తుంది. 17వ శతాబ్దంలోనే రాబర్ట్ హుక్ దాన్ని పరిశీలించాడు. దానికో జబ్బుంది. 30 డిగ్రీలు వంచితే, ఇటు షాఫ్టు నిలకడగా తిరుగుతున్నా అటు షాఫ్టు ప్రతి చుట్టులో రెండుసార్లు 15 శాతం వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు 13 శాతం వెనకబడుతుంది. స్టీరింగు తిప్పే చక్రానికి ఈ కుదుపు పనికిరాదు.

మందు జ్యామితిలో ఉంది. రెండు షాఫ్టులు కలిసేచోట, వాటి మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలాన్ని ఊహించండి. ఆ తలంలోని ఏ బిందువైనా రెండు షాఫ్టుల అక్షాలకూ సమాన దూరంలో ఉంటుంది. బలం చేతులు మారే బిందువు ఎప్పుడూ అక్కడే ఉంటే, వ్యాసార్ధాలు సమానం కాబట్టి వేగాలూ సమానమే. మరి, షాఫ్టు ఊగుతుంటే గుండును ఆ తలంలో నిలబెట్టేదెవరు? లోపలి ముక్కకూ బయటి గిన్నెకూ ఉన్న, గుండ్లు దొర్లే గాళ్ల వంపు కేంద్రాలను జాయింట్ మధ్యబిందువుకు చెరోవైపు సమానంగా జరిపారు. దాంతో రెండు గాళ్ల మధ్య సందు ఒకవైపు సన్నగిల్లి, గుండును దాని చోటికి తోస్తుంది. ఆరింటినీ ఒకే తలంలో పట్టి ఉంచేది కేజ్ అనే చట్రం. స్ప్రింగు లేదు, లివరు లేదు. గాడి ఆకారమే ఆ పని చేసేస్తుంది.

ఈ గుండ్ల జాయింట్‌కు ఆద్యుడు ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా, 1920ల ఆఖర్లో. అదే కాలంలో ఫ్రాన్స్‌లో జాన్ ఆల్బర్ట్ గ్రెగ్వార్, పియెర్ ఫెనాయ్‌లు గుండ్లు లేకుండా, ఒకదాన్నొకటి రాసుకుంటూ జారే ముక్కలతో ట్రాక్టా జాయింట్ చేశారు. గ్రెగ్వార్ 1927లో లె మాన్స్ పందెంలో ఆ జాయింట్ ఉన్న కారును తానే నడిపాడు! రెండో ప్రపంచయుద్ధంలో రెండు పద్ధతులూ అమెరికన్ జీపుల ముందు యాక్సిళ్లలో కనిపించాయి. రాపిడి తక్కువ కాబట్టి చివరికి గుండ్లే నెగ్గాయి. 1959లో మినీ, ఆ తర్వాత ముందుచక్రాలతో నడిచే దాదాపు ప్రతి కారూ వాటినే వాడాయి.

ఇక మరమ్మతు. జాయింట్‌ను కప్పే రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి పోయి మట్టి లోపలికి చేరుతుంది, మలుపులో జాయింట్ టకటకమంటుంది. విప్పి కడిగాక గాళ్లలో వేలిగోరు పెట్టి గీయాలి. గోరు తట్టుకుంటే ఆ జాయింట్ పని అయిపోయినట్టే, కొత్త గుండ్లు వేసినా నిలవదు. అరుగుదల ఇంకా స్వల్పమైతే, రెండువైపులా ఒకే రకం యాక్సిల్ ఉన్న కార్లలో కుడిదాన్ని ఎడమకు మార్చే పాత కిటుకుంది. భారం గాడి రెండో అంచుకు మారుతుంది.

షాఫ్టే తెగితే ముక్కలు పారేయకండి. సుద్దముక్కను మెలితిప్పితే ఏటవాలుగా విరుగుతుంది. పెళుసెక్కిన ఉక్కూ అంతే. సాగే గుణమున్న ఉక్కు అడ్డంగా, చదునుగా తెగుతుంది. అలల్లాంటి గీతలుంటే పగులు చాలాకాలంగా పాకుతోందన్నమాట. కొత్త షాఫ్టు లావుగా వేయించాలనిపిస్తుంది గానీ, రేసు కార్ల షాఫ్టు నడుము, చివర్లలోని స్ప్లైన్ల (పళ్ల) కన్నా సన్నగా ఉండటం మామూలే. పొడవునా కొద్దికొద్దిగా మెలితిరిగి దెబ్బను తనలో కలుపుకుంటుంది. బిరుసైన షాఫ్టు ఆ దెబ్బను నేరుగా క్రౌన్ పినియన్‌కు చేరవేస్తుంది, దాన్ని మార్చాలంటే డిఫరెన్షియల్ మొత్తం విప్పాలి. బిగించే ముందు షాఫ్టు పొడవునా తెల్లరంగుతో తిన్నని గీత గీయండి. నాలుగు పరుగుల తర్వాత ఆ గీత మెలితిరిగి కనిపిస్తే, ఉక్కు తన హద్దు దాటింది. తెగకముందే మార్చేయొచ్చు.