దేవుని కోసమా, దీవెన కోసమా?

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. ఉద్యోగం వచ్చిందని ఒకరు, వీసా వచ్చిందని ఒకరు, ఆపరేషన్ లేకుండానే బిడ్డ బాగుపడిందని మరొకరు లేచి ప్రభువును స్తుతిస్తారు. ఇది తగినదే. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగుల్లో ఒక్కడే తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినప్పుడు, మిగతా తొమ్మిదిమంది ఎక్కడని ప్రభువు అడిగాడు (లూకా 17).

అయితే అదే మందిరంలో, వెనుక వరుసలో, ఏళ్ల తరబడి ఉపవాసముండి ప్రార్థించినా జవాబు రాని ఒక సహోదరి కూర్చుని ఉంటుంది. లేచి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. తన భక్తిలోనే ఏదో లోపముందని లోలోపల కుమిలిపోతుంది. కొన్నాళ్లకు మందిరానికి రావడమే మానేస్తుంది. మేలు పొందడమే భక్తికి రుజువని ఆమెకు నేర్పింది ఎవరు? మనం కాదా?

ఈ విషయం మీదనే యోబు గ్రంథం మొదలవుతుంది. ఏడువేల గొర్రెలు, మూడువేల ఒంటెలు ఇచ్చి, చుట్టూ కంచె వేసి కాపాడుతుంటే యోబు భక్తిగా ఉండడంలో వింతేముంది, అవన్నీ తీసేస్తే అతని సంగతి తెలుస్తుంది అన్నది అపవాది వాదన. వాడు అవమానించింది యోబును మాత్రమే కాదు, దేవుణ్ణి కూడా. దేవుణ్ణి దేవుడని ప్రేమించేవారు ఎవరూ లేరు, ఆయన ఇచ్చే వాటి కోసమే అందరూ వస్తారు అని వాడి ఉద్దేశం. మన ఆరాధన లాభం చుట్టూ తిరిగితే, వాడి మాట నిజమని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

యోబు ఒక్క రోజులో ఆస్తినీ, పదిమంది బిడ్డలనూ పోగొట్టుకున్నాడు. ఆ రోజే నేలమీద పడి ఆరాధించాడు (1:20). పోయిన ఆస్తి రెండింతలుగా తిరిగి వచ్చింది 42వ అధ్యాయంలో. మనకు ఆ చివరి అధ్యాయం మీద ప్రసంగాలు ఇష్టం. కానీ మన మధ్య ఎందరో విశ్వాసులు ఇంకా నడిమి అధ్యాయాల్లోనే ఉన్నారు.

నిస్వార్థ భక్తి అంటే నోరు మూసుకుని భరించడం కాదు. యోబు ఏడ్చాడు, వాదించాడు, తాను పుట్టిన దినాన్నే శపించాడు. అయినా తనను గూర్చి సరిగా మాట్లాడింది యోబే అని దేవుడు అతని స్నేహితులతో చెప్పాడు (42:7). ఏమీ అడగకపోవడం కూడా కాదు. అనుదినాహారం కోసం అడగమని ప్రభువే నేర్పాడు. అయితే దానికంటే ముందు తండ్రి నామాన్ని, ఆయన రాజ్యాన్ని, ఆయన చిత్తాన్ని ఉంచాడు (మత్తయి 6). అడగడం తప్పు కాదు. ఆ వరుస తలకిందులు కావడమే తప్పు.

మన పల్లె సంఘాల కోత పండుగనే చూద్దాం. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతాం. తర్వాత వేలం వేస్తాం, ఎవరు ఎంతకు పాడారో మైకులో చెబుతాం. తుపానుకు పంట మునిగిన రైతు ఆ రోజు ఏం తేవాలి? అంజూరపు చెట్టు పూయకపోయినా, పొలం పండకపోయినా, శాలలో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్నాడు ప్రవక్త హబక్కూకు (3:17-18). ఖాళీ చేతులతో వచ్చి, కళ్లనీళ్లతోనే కీర్తన అందుకున్న ఆ రైతుది చిన్న కానుక కాదు. కానీ దాని పేరు మైకులో వినబడదు.

కాబట్టి కొన్ని పనులు చేద్దాం. సాక్ష్యాల సమయంలో, ఇంకా కనిపెడుతున్నవారికి కూడా మాట్లాడే అవకాశం ఇద్దాం. యోబు స్నేహితుల్లా వారి కష్టానికి కారణాలు వెదకకుండా, పక్కన కూర్చుని ప్రార్థిద్దాం. కానుకల మొత్తాలు పైకి చదివే అలవాటు మానుకుందాం. ఇంట్లో మోకాళ్లూనినప్పుడు, మన అక్కరల చిట్టా విప్పకముందు కొంతసేపు ఆయనను ఆరాధిద్దాం.

వెనుక వరుసలోని ఆ సహోదరి వచ్చే ఆదివారం రాకపోతే, సాయంత్రానికల్లా ఆమె గుమ్మం దగ్గర మనం ఉండాలి.