మరుగుపడిన కర్త: ‘ట్రంబో’ చలనచిత్రము

రంగనాథ రామాయణ కర్తృత్వమును గూర్చి పండితులలో చిరకాలము వాదము నడచినది. గోన బుద్ధరాజు తన తండ్రియైన విఠ్ఠలరాజు కోరికపై, ఆయన పేర, ఈ ద్విపదకావ్యమును రచించుచున్నట్లు అవతారికలో చెప్పుకొనెను. గ్రంథమునకు మాత్రము రంగనాథుని పేరే నిలిచినది. పాండురంగవిఠ్ఠలుడే రంగనాథుడని కొందరును, రంగనాథుడను కవి యొకడు వ్రాసి రాజుపేర వెలయించెనని కొందరును అనిరి. గోన వంశీయుల పట్టణమైన వర్ధమానపురము నేటి నాగరుకర్నూలు జిల్లాలోని నందివడ్డెమానే గనుక, ఆ సీమవారికి ఈ వాదము ఇంటిమాటవంటిది.

అచ్చట కర్త తన పేరును వెనుకకు నెట్టుటకు పితృభక్తి కారణము. రాజ్యభయమే కారణమైనచో కర్తృత్వము ఏమగునో తెలియగోరువారికి అమెరికా చలనచిత్ర రచయిత డాల్టన్ ట్రంబో చరిత్ర మిక్కిలి ఉపయోగపడును. ఆ చరిత్రనే ఇతివృత్తముగా గొని 2015లో ‘ట్రంబో’ అను చిత్రము వెలువడినది. బ్రూస్ కుక్ రచించిన జీవితచరిత్రను ఆధారము చేసికొని జాన్ మెక్‌నమారా కథాసంవిధానము కూర్పగా, జే రోచ్ దర్శకత్వము వహించెను. ట్రంబోగా నటించిన బ్రయన్ క్రాన్‌స్టన్ పేరు ఉత్తమనటుని ఆస్కారు బహుమతికై పరిశీలింపబడినది.

ట్రంబో 1905లో కొలరాడో రాష్ట్రమున జన్మించెను. యుద్ధమున అవయవములన్నియు గోల్పోయిన సైనికుని కథగా 1939లో ‘జానీ గాట్ హిజ్ గన్’ అను నవలను వెలయించి పేరు గాంచెను. హాలీవుడ్డులో మిక్కిలి యధిక వేతనము పొందు రచయితలలో ఒకడయ్యెను. 1943లో కమ్యూనిస్టు పక్షమున చేరెను. 1947 అక్టోబరులో అమెరికా ప్రతినిధిసభవారి విచారణసంఘము ఆతనిని పిలిపించి, ఆ పక్షమున సభ్యుడవా, ఎన్నడైన అయి యుంటివా యని ప్రశ్నించినది. మనుజుని విశ్వాసము నడుగుటకు ప్రభుత్వమునకు అధికారము లేదను తలంపుతో ఆతడును, మరి తొమ్మండుగురును సూటిగా బదులు చెప్పరైరి. సభాధిక్కార నేరమున శిక్ష పడినది. 1950లో ట్రంబో కెంటకీ రాష్ట్రములోని ఆష్‌లండు కారాగారమున కేగెను.

కారాగారవాసము నెలలతో తీరినది. నిషేధము పదేండ్లకు పైగా సాగినది. దీని నడక తెలియదగినది. ఇది శాసనము గాదు. 1947 నవంబరులో నిర్మాణశాలల యజమానులు న్యూయార్కులోని వాల్డార్ఫ్ హోటలున సమావేశమై, ఆ పదుగురికి పని యీయమని ప్రకటించిరి. పిమ్మట పట్టిక పెరుగుచు పోయినది. శాసనము గానిదానిపై న్యాయస్థానమున మొరపెట్టుకొనుటయు దుస్సాధ్యము. తెరపై పేరు కనబడగూడదు. కాని మంచి కథ చౌకగా దొరకినచో వలదను నిర్మాత యెవడు? ఈ సందునుండియే అరువు పేర్లు పుట్టినవి. పట్టికలో లేని మిత్రుడొకడు కథను తనదని చెప్పి అమ్మి, సొమ్మును అసలు కర్తకు చేర్చును. లేదా, లోకమున ఉండని కర్త యొకడు కల్పింపబడును.

రెండువిధములకును గొప్ప నిదర్శనములు కలవు. ‘రోమన్ హాలిడే’ (1953) కథను ఇయాన్ మెక్లెల్లన్ హంటర్ తన పేర అమ్మెను. దానికి ఆస్కారు వచ్చినది. కొంతకాలమునకు హంటరును నిషిద్ధుడయ్యెను! ‘ది బ్రేవ్ వన్’ (1956) మెక్సికో బాలుడొకడు తన ఎద్దును ప్రాణమువలె ప్రేమించిన కథ. కారాగారమునుండి వెడలిన పిమ్మట ట్రంబో మెక్సికోలో నివసించి యుండెను. దానికి కర్తగా తెరపై రాబర్ట్ రిచ్ అని వేసిరి. 1957లో ఆ రిచ్‌కు బహుమతి ప్రకటింపగా, అందుకొనుటకు రిచ్ అనువాడు రాలేదు. పత్రికలవారు వెదకసాగిరి. ఆ వెదకుటతోనే పట్టిక నవ్వులపాలగుట మొదలైనది.

చలనచిత్రము ఈ భాగమును చక్కగా జూపినది. స్నానపుతొట్టిలో పలక యడ్డముపెట్టుకొని రేయింబవళ్లు వ్రాయు తండ్రి, వ్రాతప్రతులను చేరవేయు పిల్లలు, ఇల్లంతయు ఒక రహస్యకార్యాలయమగుట, అందువలన కుటుంబమున పుట్టిన కినుక — ఇవి వినోదముగను, నొప్పిగను ఉన్నవి. తన కుమార్తె పుట్టినరోజు వేడుకకైన తొట్టినుండి లేవని తండ్రిని జూపుటలో చిత్రము కథానాయకుని వెనుకవేసికొని రాలేదు.

అయినను పరిశోధకుడు జాగరూకుడై చూడవలెను. ఆర్లెన్ హర్డ్ అనువాడు చరిత్రలో లేడు. శిక్షితులలో పలువురి గుణములు కలిపి కూర్చిన పాత్ర. ట్రంబో మాటలు విప్లవకారునివి, బ్రతుకు ధనికునిది యని ఎత్తిపొడుచుట ఈ పాత్ర పని. చిత్రములోని మంచి ప్రశ్నలలో ఇది యొకటి; అది కల్పితుని నోట బెట్టబడినదని మాత్రము మరువరాదు. మరియు నిందలో పెద్దపాలు హెడ్డా హాపర్ అను పత్రికారచయిత్రిపై బడినది. ఆమె ద్వేషము నిజమే. కాని పట్టికను ఇన్నేండ్లు నిలిపినది యజమానుల ధనభయము. దానికి తెరపై ముఖమిచ్చుట కష్టము గనుక కాబోలు, ఆమెను ముందు నిలిపిరి.

1960లో ‘ఎక్సోడస్’, ‘స్పార్టకస్’ చిత్రములపై ట్రంబో స్వనామము మరల కానవచ్చినది. నిషేధమును ఛేదించిన ఖ్యాతి ఆటో ప్రెమింజరుదా, కర్క్ డగ్లసుదా యను తగవు నేటికిని కలదు. రిచ్ పేర ఇచ్చిన బహుమతి 1975లో ట్రంబో చేతికి వచ్చెను. మరుసటియేట ఆతడు గతించెను. ‘రోమన్ హాలిడే’ బహుమతి 1993లో ఆతని భార్య కందినది. ఆ చిత్రకర్తృత్వమును రచయితల సంఘము 2011లో గాని సవరింపలేదు. హంటర్, ట్రంబోల కుమారులిరువురును అందులకు పూనుకొనిరి. లేఖలు, జీవించియున్న సాక్షులు గల కాలముననే ఒక పేరును యథాస్థానమున నుంచుటకు 58 ఏండ్లు పట్టినవన్నమాట!

తెలుగునాట నైజాము రాజ్యమున ఇట్టి పట్టిక లేకున్నను, మాటపై కావలి కలదు. 1929 నాటి 53వ గస్తీ సభలకు సర్కారు అనుమతి కావలెనన్నది. నేటి గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926 నుండి గోలకొండ పత్రికను నడపిన దిట్టి దినములలోనే. చిత్రగుప్త, భావకవి రామమూర్తి మొదలగు మారుపేర్లతో ఆయన వ్రాసెను. ఇవన్నియు భయమువలన పుట్టినవనుట తప్పు. సంపాదకత్వము మొదలు అచ్చుతప్పులు దిద్దుటవరకు పత్రికాభారమును మోసిన ఒక్కడు పలువురుగా కనబడవలసి యుండుటయు కారణమే. ఆయనయే 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవుల పేర్లను వెలుగునకు దెచ్చెను. తెలంగాణమున కవులు లేరన్న మాటకు అది ప్రత్యుత్తరము. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన ఆయన మరుసటియేట గతించెను. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమతి 1955లో వచ్చినది. గోలకొండ పత్రిక పాతసంపుటములలో మారుపేర్లతో నున్న రచనలను శైలినిబట్టియు, తేదీలనుబట్టియు, ఉత్తరములనుబట్టియు విడదీసి చూచుట గద్వాల, వనపర్తి సీమల పండితులు చేపట్టదగిన పని.