కణం పట్టిన దోసిలి

తలసీమియాతో బాధపడే బిడ్డ ఉన్న ఇంట ఒక ప్రశ్న తప్పక ఉదయిస్తుంది: ఎవరి మూలుగ సరిపోతుంది? తల్లి సిద్ధమే, తండ్రి సిద్ధమే. అయినా వైద్యులు తోబుట్టువుల రక్తాన్ని ముందుగా పరీక్షించమంటారు. దీనికి కారణం మన కణాల పైపొర అయిన కణత్వచంపై నిలిచి ఉన్న ఒక ప్రోటీన్ నిర్మాణంలో ఉంది. దాని పేరు హెచ్‌ఎల్‌ఏ. కేంద్రకం గల దాదాపు ప్రతి కణంపైనా అది ఉంటుంది. రోగ నిరోధక కణాలపై మరింత సమృద్ధిగా ఉంటుంది.

1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధిస్తూ ఒక విశేషాన్ని గమనించారు. వైరస్ సోకిన కణాలను హతమార్చే టీ కణాలు, ఆ కణంపై ఉన్న ఈ కోవ ప్రోటీన్ తమ రకానిదైతేనే వైరస్‌ను గుర్తిస్తున్నాయి. పరాయిదైతే విడిచిపెడుతున్నాయి. ఈ రెంటినీ అవి ఏకకాలంలో ఎలా చూడగలుగుతున్నాయి? ప్రోటీన్ ఆకారం తెలియనిదే ఈ చిక్కుముడి వీడదు.

దాని పొడవు సుమారు 7 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఇంత చిన్న వస్తువు ఆకారం తెలియాలంటే దానిని స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలు చెదిరే తీరునుబట్టి పరమాణువుల స్థానాలను లెక్కగట్టాలి. కాని కణత్వచంలోని కొవ్వులో కాలూనిన ప్రోటీన్ అంత సులభంగా స్ఫటికం కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, జాక్ స్ట్రోమింగర్‌ల బృందం ఇందుకు పపైన్ అనే ఎంజైమును వాడింది. కబాబుల మాంసం మెత్తబడేందుకు మన ఇళ్ళలో పట్టించే పచ్చి బొప్పాయిలో ఉన్నది అదే. మానవ రోగ నిరోధక కణాల నుంచి ప్రోటీన్ వెలుపలి భాగాన్ని అది కోసి ఇచ్చింది. 1987లో నిర్మాణం వెల్లడయింది.

ప్రోటీన్ పైభాగాన ఒక గాడి కనిపించింది. ఎనిమిది పోగులు పేర్చినట్లున్న అడుగు, ఇరువైపులా మెలితిరిగిన రెండు గోడలు. దోసిలి వంటి ఆ గాడిలో మరేదో చిన్న పదార్థం! కణం లోపలి ప్రోటీన్ల తునకలు, సాధారణంగా తొమ్మిది అమైనో ఆమ్లాల పొడవున్నవి, అక్కడ ఇముడుతాయి. అంటే కణం తన లోపల ఉన్నదానిని దోసిట పట్టి బయటికి చూపుతోందన్నమాట. టీ కణం దోసిలినీ, అందులోని తునకనూ కలిపి పరీక్షిస్తుంది. సొంత తునకైతే సాగిపోతుంది, వైరస్ తునకైతే ఆ కణాన్ని అంతం చేస్తుంది. కాన్‌బెర్రా పరిశోధకులకు 1996లో నోబెల్ బహుమతి లభించింది.

మనిషికీ మనిషికీ హెచ్‌ఎల్‌ఏలో ఉండే తేడాలు అధికంగా ఈ గాడి చుట్టూనే ఉన్నాయి. అందుకే పరాయి దోసిలిని రోగ నిరోధక కణాలు శత్రువుగా భావిస్తాయి. బిడ్డకు ఇందులో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి సంక్రమిస్తుంది. కనుక తల్లిదండ్రులతో సాధారణంగా సగమే కలుస్తుంది. ఒక్కొక్క తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఈ వైవిధ్యం ఇబ్బందిగా తోచవచ్చు. కాని అందరి గాళ్ళూ ఒకేలా ఉంటే, వాటి కన్నుగప్పగల ఒక్క వైరస్ అందరినీ కబళించగలదు. భాషల, వర్ణాల భేదాన్ని దైవ సూచనగా ఖుర్‌ఆన్ మనకు పరిచయం చేసింది. కంటికి కనబడని ఈ భేదంలోనూ ఆలోచించేవారికి సూచన ఉందని మేము విశ్వసిస్తున్నాము. అలాగని ఆధునిక శాస్త్రంలోని ప్రతి అంశాన్నీ గ్రంథంలో వెతకనక్కరలేదు. సృష్టిని పరిశీలించి, సృష్టికర్తకు కృతజ్ఞులమైతే చాలు.

కృతజ్ఞత ఆచరణలోనూ కనబడాలి. మూలుగ కణాలు దాత శరీరంలో మళ్ళీ తయారవుతాయి. రక్తం, చర్మం వలె తిరిగి ఏర్పడే భాగాలను షరతులకు లోబడి దానం చేయవచ్చునని జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988లో తీర్మానించింది. దాతకు సొంతంగా నిర్ణయించుకునే పూర్తి అర్హత ఉండాలన్నది అందులో ఒక షరతు. కనుక దాత చిన్నపిల్లవాడైతే వైద్యులతోపాటు ఉలమానూ సంప్రదించాలి. పెద్దవారమైన మనం మాత్రం, రోగి సోదరుడైనా, ముక్కూ మొగమూ తెలియనివాడైనా, పరీక్షకు చేయి చాపడానికి వెనుకాడరాదు.