వంటింటి గ్యాసు: పడుకునే ముందు, సహరీ వేళ

రమజాన్ నెలలో మన ఇళ్ళలో అందరికంటే ముందు మేల్కొనేది ఇల్లాలు. తలుపులు మూసి ఉన్న వంటింట్లోకి చీకట్లో అడుగుపెట్టి ఆమె మొదట చేసే పని లైటు స్విచ్చు నొక్కడం. రాత్రంతా గ్యాసు కారి ఉంటే, ఆ స్విచ్చులో పుట్టే నిప్పురవ్వ ఒక్కటి చాలు. కనుక ఈ విషయం ఇంటిల్లిపాదీ తెలుసుకోదగినది.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయిన వార్త విన్నప్పుడు, నిప్పు మీకు శత్రువు వంటిదనీ, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయాలనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశించారు. ఎలుక దీపపు వత్తిని లాగి ఇంటికి నిప్పంటించగలదని కూడా హెచ్చరించారు. నేటి ఎలుక గ్యాసు ట్యూబును కొరుకుతుంది. నాడు దీపం ఆర్పినట్లే, నేడు పడుకునే ముందు పొయ్యితో పాటు రెగ్యులేటరును కూడా ఆపడం మన కర్తవ్యం.

సిలిండరు గ్యాసు గాలికంటే బరువైనది. అది పైకి పోదు. నేలను అంటిపెట్టుకొని మూలల్లో పోగవుతుంది. గాలిలో దాని పాలు సుమారు నూటికి 2 వంతులకు చేరితే అంటుకోగలదు. దానికి సహజంగా వాసన లేదు. లీకు తెలియడానికే ఘాటైన వాసన గల పదార్థాన్ని కలుపుతారు. ఆ వాసన ఒక హెచ్చరిక.

2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో భూగర్భ పైపు నుండి వెలువడిన గ్యాసు ఊరిని కమ్ముకొని అంటుకోగా, ఇరవై మందికి పైగా మరణించారు. అది పెద్ద పైపు. మనది చిన్న ట్యూబు. అయినా మూసిన గదిలో పోగైన గ్యాసుకు నిప్పు తగిలితే ప్రమాదం తప్పదు.

వాసన వచ్చినప్పుడు లైటు, ఫ్యాను వేయరాదు. వెలుగుతున్నవి ఆపనూ రాదు. అగ్గిపుల్ల గీయరాదు. చేయగలిగితే రెగ్యులేటరు ఆపి, తలుపులు, కిటికీలు తెరచి, పిల్లలను, వృద్ధులను బయటికి పంపాలి. బయటికి వచ్చిన తరువాతనే 1906 నంబరుకు ఫోను చేయాలి. అది రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

సిలిండరు నిలువుగానే ఉండాలి. పొయ్యి దానికంటే ఎత్తున ఉండాలి. కొత్త సిలిండరు వచ్చినప్పుడు వాల్వులో రబ్బరు వాషరు ఉన్నదో లేదో చూడాలి. అనుమానముంటే సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తాయేమో గమనించాలి, మంటతో పరీక్షించరాదు. ట్యూబు పగిలినా, దానిపై ముద్రించిన గడువు దాటినా వెంటనే మార్పించాలి. సిలిండరును బయట ఉంచి రాగి పైపు వేయించేవారు ఆ పనిని ఏజెన్సీ పంపిన మెకానిక్‌కే అప్పగించాలి. పైపును, ముఖ్యంగా దాని అతుకులను గోడలో పూడ్పించరాదు. లీకైనప్పుడు ఎక్కడన్నది కనబడదు.

నందికొట్కూరు వంటి మన పట్టణాల గల్లీలలో గోడకు గోడ ఆనుకొని ఇళ్ళుంటాయి. ఎండాకాలంలో వడగాలికి భయపడి కిటికీలు మూసివేస్తాము. ఒక ఇంటి అజాగ్రత్త పక్కింటి పసిపిల్లలను కూడా బలిగొనవచ్చు. పొరుగువారి హక్కును గురించి ఇంతగా నొక్కి చెప్పిన ధర్మాన్ని అనుసరించేవారు, కొన్ని రూపాయల ట్యూబు విషయంలో ఉపేక్ష వహించడం తగునా?

ఈ భారాన్ని స్త్రీలపైనే వదిలివేయరాదు. ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చిన పురుషుడు రెగ్యులేటరును తానే ఒకసారి చూడాలి. సహరీకి లేచినవారు వంటింటి గడప వద్ద నిలిచి, స్విచ్చు ముట్టకముందే ఒకసారి వాసన చూడాలి. ఆ రెండు క్షణాలు కుటుంబమంతటి ప్రాణాలకు రక్షణ.